ఇరవై మూడు సార్లు మోగిన గంట

పనివాళ్లు టీ కాచుకునే పాంట్రీ గదిలో, గోడమీద గంట మోగింది. ముప్పై ఒకటి అని గది నంబరు రాసిన చిన్న పలక టప్పున కిందికి వాలింది.

ఆ అంతస్తు పనిమనిషి ఎడ్నా టోర్డాఫ్ కుర్చీలో ఉలిక్కిపడింది. ఒళ్లో పెట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"ఇది ఎన్నోది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ జేబెజ్ హోల్‌రాయిడ్.

"ఏడోదండీ."

"నిన్న ఏడోది మోగినప్పుడు ఏం చేస్తున్నావు?"

"చెంచాలు తుడుస్తున్నానండీ."

"ఎన్ని చెంచాలు?"

హోల్‌రాయిడ్ లేచి వెళ్లి వాలిన పలకను వేలితో పైకి నెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పొద్దున తొమ్మిదీ నలభై అయింది. ఆల్డర్‌షా హోటల్ మూడో అంతస్తులో, లిఫ్టు పక్కనున్న ఆ ఇరుకు గదిలో వాళ్లు ముగ్గురే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు, ఎడ్నా, మూల స్టూలు మీద నోటుపుస్తకం పట్టుకున్న సార్జెంట్ డెన్‌బీ. వసారాకు అటుచివర, ముప్పై ఒకటో నంబరు గదిలో, చచ్చిపోయిన మనిషి మంచం పక్కన ఒక కానిస్టేబుల్ నిలబడి, ఇన్‌స్పెక్టరు రాసిచ్చిన కాగితం చూసుకుంటూ, లెక్క ప్రకారం గంట నొక్కుతున్నాడు. ఆ లెక్క ఎడ్నా ఇచ్చిందే. మూడూ పదికి మొదటిది. మూడూ ముప్పై ఒకటికి ఆఖరిది. మొత్తం ఇరవై మూడు.

ఆ గదిలో పదకొండేళ్లుగా కాపురమున్న డెబ్బై నాలుగేళ్ల విధవరాలు సిబిల్ ఆర్మెరాడ్ నిన్న గురువారం మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. చలికి గది వెచ్చబెట్టే గ్యాస్ కుంపటి వెలిగించే ఉంది. నాలుగూ ఐదుకి ఎడ్నా టీ తీసుకెళ్లేసరికి కుంపటిలో మంట లేదు. గ్యాస్ మాత్రం సుయ్యిమంటూ వస్తూనే ఉంది. ముసలామె మంచం మీద చచ్చిపడి ఉంది. తలగడ మీదికి వేలాడే గంట మీట ఆమె బొటనవేలి కింద అలాగే నొక్కుకుని ఉంది. వేళ్లు విడదీయడానికి డాక్టరు తంటాలు పడాల్సి వచ్చింది.

గంట మోగింది. పలక వాలింది.

"ఎనిమిది," అన్నాడు హోల్‌రాయిడ్. "గొట్టాల్లో వచ్చే ఈ బొగ్గు గ్యాస్ మనిషిని ఎలా చంపుతుందో తెలుసా నీకు? ముందు కాళ్లు తీసేస్తుంది. ప్రాణం తర్వాతెప్పుడో. మెలకువ వచ్చింది, తెలివి ఉంది, తలుపు కనబడుతోంది. లేవబోతే మోకాళ్లు లేవు. కదిలేది ఆ ఒక్క బొటనవేలే. దాంతో నిన్ను పిలిచింది. నువ్వు ఇక్కడ కూర్చుని చెంచాలు తుడిచావు."

"ఆవిడ రోజూ కొడుతుందయ్యా!" ఎడ్నా గొంతు చీలింది. "రోజుకి నలభైసార్లు. కర్టెన్ ఒక అంగుళం జరపమని కొడుతుంది. జరిపి వచ్చేలోపు వెనక్కి జరపమని మళ్ళీ కొడుతుంది. పన్నెండు గుండుసూదులు తివాచీ మీద పారబోసి, పదమూడు ఉన్నాయి వెతకమనేది. నా పేరు ఎడ్నా అని పదకొండేళ్లలో ఒక్కసారి అనలేదు. పనివాళ్లందరూ ఆవిడకి మేరీలే."

"మీ అక్క ఎప్పుడు పోయింది?"

ఎడ్నా తలెత్తి చూసింది. యాభై దాటిన మొహం, కడిగీ కడిగీ రంగుపోయిన కళ్లు.

"బుధవారమండీ. ఆసుపత్రిలో."

"నువ్వు పక్కనున్నావా?"

"సెలవడిగాను. మేనేజరు గారు సరేనన్నారు. ఆవిడ కిందికి ఫోన్ చేసి, నాకు నాలుగింటికి టీ ఎవరు తెస్తారు, మేరీ అక్క చావడానికి మేరీ ఎందుకు అందంట. సెలవు రద్దు చేశారు."

"అంటే ఆవిడ చావాలని బుధవారం కోరుకున్నావు. గురువారం కోరిక తీరింది."

"లేదయ్యా…"

"కోరుకోలేదా?"

గంట మోగింది. ఎడ్నా రెండు చేతులతో చెవులు మూసుకుంది. హోల్‌రాయిడ్ వంగి, ఆ చేతులు రెండూ పట్టుకుని కిందికి దించాడు. మొరటుగా కాదు, నిదానంగా. ఆమెకు అదే ఇంకా అన్యాయంగా అనిపించింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఎవరినీ కొట్టలేదు. కొట్టాల్సిన అవసరం రాలేదు. మనిషిలో ఎక్కడ నొప్పి ఉందో కనిపెట్టి అక్కడ వేలు పెట్టి ఊరుకుంటే చాలునని ఆయనకు తెలుసు.

"తొమ్మిది. రాశావా డెన్‌బీ?"

మూలనుంచి సార్జెంట్ తలూపాడు. పొద్దున్నించీ అంతే. నోట్లో పిప్పరమెంటు బిళ్ల వేసుకుని, అడిగినదానికి తల ఊపడమే తప్ప పలకడం లేదు. డెన్‌బీ తన మనిషి కాదు. మనుషులు తక్కువగా ఉన్నారని హోల్‌రాయిడ్ మొరపెట్టుకుంటే, వేరే శాఖలోని ఇన్‌స్పెక్టర్ క్రౌథర్ ఎంతో దయతలచి తన సార్జెంటును అప్పిచ్చాడు. ఇక్కడ జరిగే ప్రతి ముక్కా సాయంత్రానికల్లా క్రౌథర్ బల్లమీద ఉంటుందని హోల్‌రాయిడ్‌కు తెలుసు. వేగులవాడు మాట్లాడకపోవడమే మేలనుకుని వదిలేశాడు.

"చెయ్యాలనుకుంటే నువ్వే చేసి ఉండొచ్చు ఎడ్నా. తాళాలు నీ దగ్గర ఉన్నాయి. లోపలికెళ్లి కుంపటి ఊదేసి, మర తెరిచి, మెల్లిగా తలుపేసుకుని వచ్చేయడం ఎంతసేపు? ఉరితాడు గురించి ఎప్పుడైనా ఆలోచించావా? మనిషి బరువు చూసి తాడు పొడవు కొలుస్తారు. నువ్వు సన్నంగా ఉన్నావు. పొడుగు తాడే కావాలి."

ఆమె ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోటు దాటిపోయినట్టు చూస్తూ ఉండిపోయింది. నెమ్మదిగా అంది. "చంపలేదయ్యా. కానీ నవ్వాను."

"ఏంటి?"

"పదోసారో పదకొండోసారో మోగినప్పుడు మనసు ఉండబట్టక లేచానండీ. అప్పుడే ఆ తలుపు అవతల ఎవరో నిలబడ్డారు." గరుకు గాజు బిగించిన పాంట్రీ తలుపు వైపు చూపించింది. "మగమనిషి. మొహం కనబడలేదు, నీడే. 'ఎవరో తెగ పిలుస్తున్నారే, వెళ్లవా అమ్మా?' అన్నాడు. 'ముప్పై ఒకటో నంబరు ముసలావిడండీ, ఎప్పుడూ ఇంతే' అన్నాను. 'అయితే కొట్టుకోనీ తల్లీ, ముసలాళ్లకి అదో ఆట. నీ టీ చల్లారిపోతుంది, కూర్చో' అన్నాడు. అని నవ్వాడు. నేనూ నవ్వానండీ." ఆమె నోరు వంకరపోయింది. "లోపల ఆవిడ చచ్చిపోతోంది. నేను నవ్వుకుంటూ మళ్ళీ కూర్చున్నాను."

గంట మోగింది. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

"హోటల్‌లో దిగిన వాడా?"

"ఈ అంతస్తులో నిన్న మగవాళ్లెవరూ లేరండీ. ఆ కొసన ముప్పై మూడు ఖాళీ. మరమ్మతు అని బోర్డు పెట్టారు, మూడు రోజుల్నుంచీ మమ్మల్ని అటు పోవద్దన్నారు."

"ఆ గొంతు మళ్ళీ వింటే గుర్తుపడతావా?"

"పడతానండీ. నాతో పాటు నవ్విన గొంతు కదా."

మూల స్టూలు చిన్నగా కిర్రుమంది. హోల్‌రాయిడ్ అటు చూడలేదు. ఆయన చూపు ఎడ్నా పక్కనున్న గ్యాస్ పొయ్యి మీద పడింది. దానిమీద నిన్నటి టీ కెటిల్ అలాగే ఉంది.

"టీ చల్లారిపోతుందన్నాడు. టీ ఎప్పుడు పెట్టుకున్నావు?"

"రెండున్నర దాటాక పెట్టానండీ. పాడు పొయ్యి ఆరిపోయింది. ఐదు తక్కువ మూడుకి. దానంతటదే."

"దానంతటదే?"

"నీళ్లు సలసల అంటున్నాయి, మంట టప్పున పోయింది. భయమేసి మర కట్టేశాను. అగ్గిపుల్ల గీసి మళ్ళీ తిప్పితే గ్యాసే లేదు. చెంచాలు ముందేసుకుని ఐదు నిమిషాలు కూర్చున్నాను. మూడింటికి తిప్పి చూస్తే ఎప్పట్లాగే వచ్చింది. వెలిగించుకున్నాను."

హోల్‌రాయిడ్ లేచి నిలబడ్డాడు.

అంతవరకూ ఆయన ఎదురుగా మూడు దారులున్నాయి. ముసలామె తనే చేసుకోవడం, ప్రమాదం, ఎడ్నా. మూడూ ఒక్కసారే మూసుకుపోయాయి. ఐదు నిమిషాలు గ్యాస్ ఆగింది, మళ్ళీ వచ్చింది. ఇక్కడ ఎడ్నా మెలకువగా ఉంది కనుక మర కట్టేసింది. అక్కడ ముసలామె నిద్రపోతోంది. కుంపటి మర ఎవరు కడతారు? మంట ఆరిపోయిన కుంపట్లోంచి మూడింటికి మళ్ళీ గ్యాస్ బయల్దేరింది. కిటికీ సందుల్లో చలిగాలి రాకుండా ఆమె కుక్కుకున్న వార్తాపత్రికలను ఆయన నిన్ననే చూశాడు. లోపలికి ఎవరూ అడుగు పెట్టక్కర్లేదు. తాళంచెవి అక్కర్లేదు.

"ఈ వైపు గదులకి గ్యాస్ కట్టే మర, నిన్న మెకానిక్ కట్టానన్నది, ఎక్కడుంది?"

"వసారా మధ్యలో, చీపుళ్ల అలమరలోనండీ. నిన్న నేను కేకలు పెట్టాక హోటల్ మెకానిక్ వచ్చి అక్కడే కట్టేశాడు, నాలుగూ పదికి."

"డెన్‌బీ, నేను వచ్చేదాకా ఈవిణ్ణి కదలనివ్వకు. ఎవరినీ లోపలికి రానివ్వకు." గుమ్మం దగ్గర ఆగి హోల్‌రాయిడ్ వెనక్కి చూశాడు. ఆగకుండా వెళ్లిపోయి ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నాడు. "ఆవిణ్ణి చంపింది నువ్వు కాదు ఎడ్నా. కానీ బతికించగలిగినదానివి నువ్వొక్కదానివే. పోయేదాకా గుర్తుపెట్టుకో."

ఎడ్నా తల దించుకుంది. "అలాగేనండీ," అంది, టీ తెమ్మంటే అన్నట్టు.

ముప్పై ఒకటిలో గంట నొక్కుతున్న కానిస్టేబుల్‌ను పిలిచి ఆపమన్నాడు. మెకానిక్‌ను వెతికి పట్టుకురమ్మని కిందికి పంపాడు. "గ్యాస్ ఎవరూ తెరవకూడదు. నా మాటగా చెప్పు."

చీపుళ్ల అలమరకు తాళం లేదు. లోపల బకెట్లు, తుడుపు గుడ్డలు, మైనం వాసన. హోల్‌రాయిడ్ టోపీ తీసి పక్కన పెట్టి, బకెట్లు బయటికి నెట్టి, మోకాళ్ల మీద లోపలికి దూరాడు. టార్చి వేశాడు. నేలకు జానెడు ఎత్తులో సీసపు గొట్టం, దానిమీద ఇత్తడి మర. ఈ హోటలు కట్టిన రోజు బిగించినదే అయ్యుంటుంది. గొట్టమంతా వేలు మందాన దుమ్ము పట్టి ఉంది. మర మీద లేదు. మెకానిక్ నిన్న కట్టాడు కనుక ఆ దుమ్ము అతని చేతికి అంటుకుపోయిందనుకోవచ్చు. కానీ మర తిరిగే చోట పాత రంగు పగిలి, ఇత్తడి మీద మూడు కొత్త గీతలున్నాయి. చేత్తో కదలక పట్టకారు పెట్టి తిప్పారు. మూడు గీతలంటే మూడుసార్లు పట్టు జారింది. మెకానిక్ నిన్న ఉత్త చేత్తోనే తిప్పానని వాంగ్మూలంలో చెప్పాడు. అతను వచ్చేటప్పటికే మర వదులై ఉందన్నమాట.

గొట్టం వెంట టార్చి వెలుతురు నడిపించాడు. మర దాటాక ఒక పాయ ఎడమకు, పాంట్రీ వైపు పోయింది. రెండోది కుడికి, ముప్పై ఒకటి వైపు. హోల్‌రాయిడ్ వెనక్కి రాబోయి ఆగాడు. రెండోదాని కింద, గోడను ఆనుకుని మూడో గొట్టం ఉంది. అది కూడా కుడికే పోయింది. ముప్పై ఒకటిని దాటి.

"నీ వెనకభాగం చూడ్డం కోసమా నేను ఇంతదూరం వచ్చింది?"

ఆ గొంతు గుర్తుపట్టిన హోల్‌రాయిడ్ తొందరేం లేనట్టు వెనక్కి పాక్కుంటూ వచ్చి లేచాడు. మోకాళ్ల మీద దుమ్ము దులుపుకున్నాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టర్ లయొనెల్ క్రౌథర్. తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, అదే హోదా. ఇస్త్రీ మడత చెదరని కోటు, చేతులకు బూడిదరంగు తోలు తొడుగులు.

"రా లయొనెల్. చీపురు కావాలా?"

"సామాను సర్దుకో తాతా. ఇది ప్రమాదం. గాలికి కుంపటి ఆరిపోయింది, ముసలావిడ చచ్చిపోయింది. పత్రికలవాళ్లకి చెప్పేశాను. మధ్యాహ్నం రెండింటికల్లా ఈ అంతస్తు ఖాళీ చెయ్యమని మన పోలీసు పెద్దాయన ఆర్డరు."

"కిటికీల నిండా కాగితాలు కుక్కి ఉంటే గాలి ఎక్కణ్ణించి వచ్చింది? నీ నోట్లోంచా?"

"నీకు హత్య కావాలి. వచ్చే ఏడాది రిటైరయ్యేలోపు పేపర్లో ఫోటో పడాలి. దానికోసం ఒక పనిమనిషిని పొద్దున్నించీ గంటలు కొట్టి ఏడిపిస్తున్నావట. కింద అందరూ చెప్పుకుంటున్నారు. సిగ్గులేదూ?"

"ఉంది. అయినా మానలేదు. నీకెందుకింత తొందర? చచ్చిపోయింది మీ బామ్మ కాదు. నీ శాఖ కూడా కాదు. నిన్న సాయంత్రం అయిదింటికే నా పైవాళ్లకి ఫోన్ చేసి, త్వరగా ముగించమని చెప్పావట. నాకు సార్జెంటును అప్పిచ్చావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకు అగ్గిపుల్ల అప్పివ్వలేదు."

"మాట జాగ్రత్త జేబెజ్."

"జాగ్రత్తగానే అడుగుతున్నా. ఈ అంతస్తులో ఏముంది నీకు?"

"చెప్పాల్సిన పనిలేదు."

"అయితే నేను చెప్తాను, విను. నిన్న ఐదు తక్కువ మూడుకి ఎవడో ఈ మర కట్టాడు. మూడింటికి తెరిచాడు. ముప్పై ఒకటిలో ముసలావిడ అలా చచ్చింది. కానీ ఆవిణ్ణి చంపి ఎవడికేం లాభం? ఉన్న ఒక్క మేనల్లుడూ కెనడాలో ఉన్నాడు. పొద్దున్నించీ అదే అర్థం కాలేదు నాకు. ఇప్పుడు లోపల చూశాను." టార్చితో అలమరలోకి చూపించాడు. "ఈ మర దాటాక ఇంకో గొట్టం పోయింది. ఖాళీ అని చెప్పిన ముప్పై మూడుకి. నిన్న ఇక్కడ గ్యాస్ ఆగి మళ్ళీ వస్తే, అక్కడా ఆగి మళ్ళీ వచ్చింది."

క్రౌథర్ మొహంలో రంగు చెవుల దగ్గర మొదలై కిందికి దిగిపోవడం హోల్‌రాయిడ్ కళ్లారా చూశాడు. పదేళ్లుగా ఆ మొహం అలా మారితే చూడాలని కోరుకున్నాడు. ఇప్పుడు చూసినా సంతోషం కలగలేదు.

"లేదు," అన్నాడు క్రౌథర్. "వాడు బాగానే ఉన్నాడు."

"ఎవడు?"

క్రౌథర్ అప్పటికే నడుస్తున్నాడు. నడక పరుగైంది. వసారా కొసన మరమ్మతు బోర్డు తగిలించిన తలుపు ముందు నిలబడి, కోటు లోపలి జేబులోంచి తాళంచెవి తీశాడు. తాళంచెవి రెండుసార్లు రంధ్రం తప్పింది. హోల్‌రాయిడ్ దాన్ని లాక్కుని తలుపు తీశాడు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. లోపల ఏదో అడ్డుపడింది.

ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టారు.

అడ్డుపడింది మనిషి. నలభై ఏళ్లవాడు, చొక్కా మీద పసుపురంగు ఊలు బనీను, కాళ్లకు మేజోళ్లు. తలుపుకు తల ఆనించి పడుకున్నట్టు ఉన్నాడు. ఈ గ్యాస్ పీల్చి చచ్చినవాళ్లకు ఉండేట్టే బుగ్గలు గులాబీరంగులో, బతికున్నవాడి బుగ్గలకన్నా ఆరోగ్యంగా ఉన్నాయి. వేళ్ల గోళ్లు నాలుగు ఊడిపోయి ఉన్నాయి. తలుపు అడుగున, చెక్కమీద, అవి చేసిన గీతలున్నాయి.

"సిరిల్ నట్టర్," అన్నాడు క్రౌథర్. గొంతు ఎవరిదోలా ఉంది. "మంగలి. రౌడీ జాక్ స్పెన్స్‌లీ ఒకణ్ణి నడిబజారులో కొట్టి చంపుతుంటే తన షాపు అద్దంలోంచి చూసినవాడు. సోమవారం కోర్టులో చెప్పాలి. వీడొక్కడే సాక్షి. ఊళ్లో పెట్టుకుంటే స్పెన్స్‌లీ మనుషులు బతకనివ్వరని ఇక్కడ పెట్టాను."

హోల్‌రాయిడ్ శవాన్ని దాటి లోపలికి నడిచాడు. కిటికీకి చెక్కలు అడ్డంపెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. కుంపటి మర తెరిచే ఉంది, తుప్పుపట్టి చేతికి తిరగడం లేదు. మంచం తలవైపు గోడమీద గంట తీగ వేలాడుతోంది. చివర నున్నగా కత్తిరించి ఉంది.

"ఇది ఎవరు కోశారు?"

"నేనే. వాడు నౌకర్లను పిలిస్తే సంగతి బయటపడుతుందని."

"తలుపుకి బయటనుంచి తాళం."

"వాడి మంచికే."

"కిటికీకి మేకులు."

"వాడి మంచికే జేబెజ్!"

"పక్కగదిలో ముసలావిడకి గంట ఉంది. ఇరవై మూడుసార్లు కొట్టింది, ఎవరూ రాలేదు. వీడికి ఆ గంట కూడా లేకుండా చేశావు. గ్యాస్ తెరిచినవాడికి సగం పని ముందే చేసిపెట్టావు."

మంచం పక్కన కుర్చీ ఒకటి కాలు విరిగి పడి ఉంది. ముప్పై ఒకటి వైపు గోడమీద సున్నం పెచ్చులు ఊడాయి. నిద్రలోంచి లేచి, కాళ్లలో ఇంకా బలం ఉండగా నట్టర్ ఆ గోడను బాదాడు. అవతల ముసలామెకు మెలకువ వచ్చింది ఆ చప్పుడుకేనేమో. మొదటి గంట కొట్టింది తనకోసం కాదేమో, పక్కగదిలో గోలచేస్తున్నారని ఫిర్యాదు చెయ్యడానికేమో. అది ఇక ఎవరికీ తెలియదు. ఎడ్నాకు మాత్రం చెప్పకూడదని హోల్‌రాయిడ్ అనుకున్నాడు. ఆ రోజు ఆయన అనుకున్న మొదటి మంచిమాట అదే.

"నిన్న మూడింటికి నువ్వు ఎక్కడున్నావు?" అన్నాడు.

"స్టేషన్లో. ముసలావిడ పోయిందని అయిదింటికి తెలిసింది. పోలీసులు ఈ అంతస్తంతా వెతికితే నట్టర్ బయటపడతాడు, అందుకే త్వరగా ముగించమన్నాను. వాడికేమీ కాలేదని నాకు నమ్మకంగా తెలుసు."

"ఎలా తెలుసు? వచ్చి చూశావా?"

"లేదు. నేను వస్తే జనం కంట్లో పడతానని… రాత్రి ఏడింటికి భోజనం తీసుకెళ్లాక ఫోన్ వచ్చింది. బాగానే ఉన్నాడు, ఆకలితో ఉన్నాడు, మాంసం కూర రెండోసారి అడిగాడని."

హోల్‌రాయిడ్ బల్ల వైపు చూశాడు. బల్లమీద ఒక్కటే ట్రే ఉంది. సగం తిన్న వేపుడు చేప, బంగాళాదుంపలు, గడ్డకట్టిన నూనె. మధ్యాహ్నం ఒంటిగంట భోజనం. రెండో ట్రే గదిలో ఎక్కడా లేదు. మాంసం కూర లేదు. ఏడింటికి ఈ మనిషి చచ్చి మూడున్నర గంటలైంది. తలుపు తెరవాలంటే శవాన్ని నెట్టుకుని రావాలి.

"ఇక్కడున్నాడని ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికి. నేను, పెద్దాయన, భోజనం తెచ్చేవాడు."

"ఫోన్ చేసింది ఎవరు లయొనెల్?"

క్రౌథర్ పెదవులు కదిలాయి. పేరు బయటికి రాకముందే, అది ఏ పేరో అతనికీ అప్పుడే అర్థమైనట్టు కళ్లు పెద్దవయ్యాయి.

"డెన్‌బీ," అన్నాడు.

హోల్‌రాయిడ్ వసారాలో పరుగెత్తాడు. పొద్దున్నించీ నోరు విప్పని సార్జెంట్. గొంతు గుర్తుపడతానన్నప్పుడు కిర్రుమన్న స్టూలు. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి, కదలనివ్వకు అని తనే చెప్పి వచ్చాడు.

పాంట్రీ తలుపు బార్లా తెరిచి ఉంది. స్టూలు ఖాళీ. కుర్చీ ఖాళీ. కుర్చీ వీపుకు ఎడ్నా కోటు వేలాడుతోంది. ఆమె వాంగ్మూలం రాసిన నోటుపుస్తకం కనబడలేదు.

లిఫ్టు ఇనప తలుపు పక్కన, దాన్ని నడిపే ముసలాయన స్టూలు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఒక చెయ్యి మోచేతిదాకానే ఉంది.

"ఆ ఇద్దరూ ఎటు వెళ్లారు?" హోల్‌రాయిడ్ అరిచాడు.

"సార్జెంటు గారూ, ఎడ్నానా అయ్యా? కిందికి దింపాను. వెనకవైపు, బొగ్గు బళ్లు వచ్చే గేటు దగ్గర కారు పెట్టుకున్నారట. మీరే స్టేషన్‌కి తీసుకెళ్లమన్నారని చెప్పారు."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలైనా అయ్యుంటుందండీ."

వెనకనుంచి వచ్చిన క్రౌథర్ ఆగకుండా మెట్ల మీద దూకుతూ కిందికి పరుగెత్తాడు. హోల్‌రాయిడ్ ముసలాయన భుజం పట్టుకున్నాడు.

"ఆమె ఏమైనా అందా? అరిచిందా? పెనుగులాడిందా?"

"లేదయ్యా. ఆయనే మాట్లాడుతూ ఉన్నారు దారంతా, ఎంతో ఆప్యాయంగా. భయపడకు తల్లీ, అంతా అయిపోయింది తల్లీ అని. ఆయన మొదటి మాట అనగానే ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. నా వైపు ఒకసారి చూసింది." ముసలాయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఏంటి ఎడ్నా, బాలేదా అన్నాను. ఏం లేదు, నాకు తగిందేలే అంది. ఆయన చెయ్యి పట్టుకుంటే మారుమాట లేకుండా వెనకాలే వెళ్లిపోయింది."